మా ఊరి పలకల క్వారీ చరిత్ర: ఏం దాచాలి, ఏం చూపించాలి?

పలకాబలపం
మాది మార్కాపురం దగ్గర చిన్న ఊరు. గొడవ తేలేదాకా పేరు చెప్పను. మా నాన్న తరం వరకు ఊళ్లో సగం ఇళ్లు పలకల మీదే బతికాయి. కొండ వారన క్వారీ గుంటలు, వాటి పక్కన రేకుల షెడ్లు, షెడ్ల వెనక విరిగిన రాతి ముక్కల గుట్టలు. ఇప్పుడు గుంటల్లో నీళ్లు, గుట్టల మీద సర్కారు తుమ్మ. రాత పలకలు చేసేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. గోడలకి, నేలకి అలంకారంగా వేసే డిజైన్ పలకల మీద కొన్ని కుటుంబాలు నడుస్తున్నాయి, అంతే.

పోయినేడాది ఊరి కుర్రాళ్లం, కొంతమంది పెద్దలం కలిసి చరిత్ర సంఘం అని పెట్టుకున్నాం. ప్రస్తుతానికి వాట్సాప్ గ్రూపే మా ఆఫీసు. పాత షెడ్డు ఉన్న స్థలం అమ్ముడైంది, కొన్నాయన ప్లాట్లు వేస్తాడట. కోత మిషన్ ఇప్పటికే పాత ఇనుముకి పోయింది. షెడ్డు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక ట్రంకు పెట్టె దొరికింది. అందులో జీతాల పుస్తకాలు, 1970ల నుంచి. వారం వారం కూలి, ఎదురుగా వేలిముద్ర. కొన్ని పేజీల్లో పేరు పక్కన 'సగం' అని రాసి ఉంది. అంటే సగం కూలి. అంటే పిల్లలు.

ఇక్కడే గొడవ మొదలైంది. పంచాయతీ వాళ్లు పాత బడి గది ఒకటి ఇస్తామన్నారు. సమ్మెటలు, ఉలులు, పాత పలకలు, ఫోటోలు పెట్టి మ్యూజియం చేద్దామంటే అందరూ సరే అన్నారు. పుస్తకాలు కూడా పెడదామంటే సగం మంది లేచారు. ఊరి పరువు పోతుందట. ఆ పేర్లున్న వాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. పుస్తకాలు రాసిన గుమస్తా కొడుకు మా సంఘం కోశాధికారి. ఏం చేయమంటారు?

నల్లమల_నాని
ముందు ఆ ట్రంకు పెట్టె ఎవరింట్లో ఉందో చెప్పు. కోశాధికారి ఇంట్లో అయితే ఇక్కడ చర్చే దండగ.

పలకాబలపం
మా ఇంట్లోనే ఉంది నానీ. అమ్మ దగ్గర తాళం చెవి.

కందిపచ్చడి
మార్కాపురం పలక అనగానే గుర్తొచ్చేది బలపం తినడమే. నేను రాసినదానికంటే తిన్నది ఎక్కువ. మ్యూజియంలో నా కడుపు ఎక్స్‌రే కూడా పెట్టుకోవచ్చు.

ఓబులక్క
@కందిపచ్చడి తమ్ముడూ, ఆ ఎక్స్‌రే మాట నవ్వులాటకి అన్నావు, సరే. మా ఇంట్లో నిజం ఎక్స్‌రేలే ఉన్నాయి, మా నాయనవి. తర్వాత రాస్తా.

తాండూరోడు
మా దిక్కు కూడా ఇదే కథ. తాండూరు నాపరాయి అంటే దేశమంతా తెలుసు, హైదరాబాదులో పాత ఇండ్లన్నీ షాబాద్ బండలు, తాండూరు బండలే. కానీ ఆ బండ తీసినోని పేరు ఒక్కటి ఎక్కడా లేదు. మా ఊర్ల చుట్టూ గుంటలు, పాలిష్ మిషన్ల సుద్ద గుట్టలు. ఇగ మ్యూజియం ఆలోచన మాకెవరికీ రాలే. మీరు నయం. పలకరాయి, నాపరాయి ఒకటే కద, రెండూ పొరలు పొరలుగ వస్తయి. మేము కూడా మీ సంఘంల చేరొచ్చా?

రాతిపొర
చేరొచ్చు గానీ రెండూ ఒకటి కావు. నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి, ఈ ఒక్కటి చెప్పకపోతే నిద్ర పట్టదు.

నాపరాయి సున్నపురాయి. సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకుంది, ఆ పేరుకున్న పొర వెంటే విడిపోతుంది. తాండూరుది భీమా బేసిన్‌, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపుది కర్నూలు గ్రూపు నార్జి సున్నపురాయి. (బేసిన్ అంటే ఒకప్పుడు సముద్రం నిండిన పల్లం. గ్రూపు, ఫార్మేషన్ అంటే రాతి పొరల వరసలకి మేం పెట్టుకున్న పేర్లు.) మార్కాపురం పలకరాయి కడప బేసిన్‌లో నల్లమల గ్రూపుది, కంభం ఫార్మేషన్ అంటాం. అది మొదట బురద. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద. తర్వాత భూమి పక్కల నుంచి గట్టిగా నొక్కేసరికి లోపలి సన్నని అభ్రకపు రేకులన్నీ ఒకే దిక్కుకు తిరిగాయి. పలక ఆ దిక్కున చీలుతుంది, మొదట పేరుకున్న పొర వెంట కాదు.

నమ్మకం లేకపోతే ఒక పాత పలక తడిపి ఎండలో చూడండి. కొన్నిటి మీద ఏటవాలుగా లేత రంగు చార కనిపిస్తుంది. అదే అసలు బురద పొర. చీలిన ముఖం దాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయింది. మీ మ్యూజియంలో అలాంటి ముక్క ఒకటి తప్పకుండా పెట్టండి, పిల్లలకి అరగంట క్లాసు అందులోనే ఉంది.

తాండూరోడు
మంచిగ చెప్పినవ్ సార్. గట్లయితే మాది సిమెంటుకు పనికొస్తది, మీది రాదు. అందుకే మా దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు.

రాతిపొర
అంతే. సున్నం ఉండాలి కదా.

పలకాబలపం
@రాతిపొర చార ఉన్న పలకలు మా ఇంట్లోనే రెండున్నాయి. మా తాత వాటిని పనికిరానివని పక్కన పెట్టేవాడు, రాత కనపడదని. చీల్చే పని మా తాతది. గుంటలోంచి తెచ్చిన బండ ఎండకి ఆరితే సరిగ్గా చీలదని తడి గోనెపట్టా కప్పి నీడన ఉంచేవాడు. వెడల్పాటి ఉలి అంచున పెట్టి చిన్నగా తట్టేవాడు. మొదట సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి. ఒక పక్క నుంచి పల్చగా లాక్కుంటూ వస్తే విరుగుతుందట. చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి వినేవాడు, మోత బోలుగా ఉంటే లోపల బీట ఉన్నట్టు.

వేల్స్_వాన
@పలకాబలపం మీ తాతగారి పని చదివి కుర్చీలోంచి లేచా. నేను పదేళ్లుగా బ్రిటన్‌లోని ఉత్తర వేల్స్‌లో ఉంటున్నా, మాది ఒంగోలు. ఇక్కడా అచ్చం ఇదే. తడిగా ఉంచడం, సగానికి సగం చీల్చడం, అన్నీ. లాన్‌బెరిస్ అనే ఊళ్లో నేషనల్ స్లేట్ మ్యూజియం ఉంది. డినోర్విక్ క్వారీ 1969లో మూతపడింది, దాని వర్క్‌షాపుల్లోనే 1972లో మ్యూజియం తెరిచారు. కొత్త బిల్డింగ్ కట్టలేదు చూడండి. పనిచేసిన షెడ్డే మ్యూజియం. 2024 చివర్లో పునరుద్ధరణ పనుల కోసం మూశారు గానీ అంతకుముందు నేను చూశా, పాత పనివాళ్ల పద్ధతిలోనే మన ఎదురుగా కూర్చుని పలక చీల్చి చూపించేవారు. 2021లో ఈ పలకల ప్రాంతం మొత్తానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

వాళ్ల పలకలు రాయడానికి తక్కువ, ఇంటి కప్పులకి ఎక్కువ. సైజుల పేర్లు డచెస్, కౌంటెస్ అని రాజవంశం లెక్కన ఉంటాయి.

కందిపచ్చడి
అంటే కూలివాడు రోజుకి వంద మంది మహారాణుల్ని చీల్చేవాడన్నమాట.

బేతంచెర్ల_బాషా
యునెస్కో మాటలు తర్వాత. మా వైపు మాట చెప్తా. బేలం గుహలు తెలుసు కదా, కొలిమిగుండ్ల దగ్గర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు, ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ పట్టలేదు. 1980లలో జర్మన్ గుహల బృందం వచ్చి కొలిచింది, ఇప్పటి లెక్క 3,229 మీటర్లు. అంతవరకు అది చుట్టుపక్కల వాళ్లకి చెత్త పడేసే చోటు. పైన చుట్టూరా నల్లబండల క్వారీలు. టూరిజం వాళ్లు తీసుకుని 2002లో జనానికి తెరిచారు. గుహ బాగుపడింది, సంతోషం. కానీ లోపలికి పోయి వచ్చేవాళ్లలో ఒక్కడైనా పక్కన బండ కొట్టేవాడు ఎవడు అని అడిగాడా? గుహకి టికెట్టు ఉంది, క్వారీకి లేదు. మీరు మ్యూజియం పెడితే చూడ్డానికి అందంగా ఉండేవి పెట్టి వదిలేయొద్దు అని నా మాట.

లీజుదారు
మాది కూడా ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీయే. ఊరు చెప్పను. చదువుతుంటే యజమానులందరూ రాక్షసుల్లాగా తయారవుతున్నారు, అందుకే రాస్తున్నా. మా నాన్న అప్పులు చేసి లీజు తీసుకున్నాడు. సీనరేజి (తీసిన రాయికి సర్కారుకి కట్టే రుసుము) కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, చట్రాలకి కలప కొనాలి. లారీలో పలకలు పగిలితే నష్టం మాదే. తర్వాత రేకు పలకలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి, నోటుపుస్తకాలొచ్చాయి. అమ్మానాన్నలే పిల్లల్ని తీసుకొచ్చి పనిలో పెట్టుకోమని బతిమాలేవాళ్లు. ఇప్పుడు ఆ పేజీలు తెరిచి గోడకి తగిలిస్తే ఎవరికి లాభం? పనిముట్లు పెట్టండి, పలకలు పెట్టండి. ఆ ఊరి పిల్లలు గర్వపడాలి కదా.

నల్లమల_నాని
@లీజుదారు బతిమాలారు నిజమే. సగం కూలి రాసింది ఎవరు మరి?

లీజుదారు
అప్పట్లో అందరూ అంతే ఇచ్చేవాళ్లు.

నల్లమల_నాని
అదే కదా చరిత్ర అంటే.

ఓబులక్క
ఇప్పుడు రాస్తా. మా అమ్మ పలకలకి చట్రాలు బిగించే పని, నేను ఆమె పక్కన ఇసకతో రుద్దే పని. బడికి వెళ్లే పిల్లలకి పలకలు చేశాను, నేను మాత్రం బడికి పోలేదు, పన్నెండేళ్లకి రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నా. మా నాయన కోత దగ్గర. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లగా దుమ్ము. దగ్గు మొదలైంది. టీబీ అని మందులిచ్చారు, కోర్సు అయిపోయింది, తగ్గలేదు, మళ్లీ టీబీ మందులే. ఏ ఆసుపత్రిలోనూ ఏం పని చేస్తావు అని అడిగిన డాక్టరు లేడు. చివర్లో ఒకాయన ఎక్స్‌రే చూసి అడిగాడు. అప్పటికి నాయన కూర్చుని నిద్రపోయే స్థితి, పడుకుంటే ఊపిరాడదు.

లీజుదారు గారూ, మీ నాన్నగారి అప్పు నాకు అర్థమవుతుంది. మా నాయన పేరు ఏ పుస్తకంలో ఉందో తెలిస్తే నేను వెళ్లి ఆ వేలిముద్ర మీద చెయ్యి పెట్టి చూస్తా. నాకు సిగ్గు లేదు. ఆ పేజీ దాస్తే మాత్రం ఆయన అక్కడ పనిచేసిన రుజువు కూడా పోతుంది.

వేల్స్_వాన
ఓబులక్కా, ఇక్కడ జరిగింది వింటే మీకు కోపం వస్తుంది. వేల్స్ క్వారీల్లో యజమానులు పెట్టుకున్న డాక్టర్లు ఏమనేవాళ్లో తెలుసా? పలక దుమ్ము ప్రమాదం కాదు, పనివాళ్లు అదేపనిగా మరిగించిన టీ తాగుతారు, అందుకే జబ్బులు అని. పలకల పనివాళ్లకి ఈ దుమ్ము జబ్బు (రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్ లాంటివి) పరిహారం చట్టంగా వచ్చింది 1979లో. పెద్ద క్వారీలు చాలావరకు మూతపడ్డాక.

కందిపచ్చడి
మన దగ్గరైతే టీ బదులు సారా మీదికి నెట్టేవాళ్లు.

ఓబులక్క
నెట్టారు కూడా.

పాతకాగితం
ఆర్కైవ్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, అంటే ప్రభుత్వ పాత రికార్డులు భద్రపరిచే చోట. వాదన మీరు చూసుకోండి, నేను కాగితాల సంగతి చెప్తా, ఎందుకంటే మీరు తేల్చుకునేలోపు చెదలు తేల్చేస్తాయి.

ట్రంకు పెట్టె నేల మీద ఉంటే ఇవాళే ఎత్తు మీద పెట్టండి, గోడకి ఆనించకుండా. పుస్తకాల మీద దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి, తడి గుడ్డ వద్దు. వేలిముద్ర సిరా తడికి అల్లుకుపోతుంది. సెల్లో టేపు వేయొద్దు. లామినేషన్ అసలు చేయించొద్దు, ఊళ్లల్లో ఇదొక జబ్బు, పాత పట్టాలన్నీ లామినేట్ చేయించి పాడుచేసుకుంటారు. వేడికి కాగితం దెబ్బతింటుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. ఉతికిన తెల్లని కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, చాలు.

తర్వాత ఫోటోలు. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ని పైనుంచి సమాంతరంగా పట్టుకుని ప్రతి పేజీ తీయండి. ఖాళీ పేజీలు, అట్టలు కూడా. పక్కన స్కేలు ఒకటి పెట్టండి. కాపీలు మూడు చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో. ప్రదర్శన పెడతారా లేదా అన్నది తర్వాతి మాట.

నల్లమల_నాని
గారూ, ఒరిజినల్స్ స్టేట్ ఆర్కైవ్స్‌కి ఇచ్చేస్తే సేఫ్ కదా? ఊళ్లో రేపు పార్టీ మారితే ఆ బడి గది ఉంటుందా?

పాతకాగితం
సేఫే. కానీ ఆ ఊరి ముసలావిడ తన వేలిముద్ర చూసుకోడానికి బస్సెక్కి రావాలి. రాదు.

రాతిపొర
మన ప్రాంతంలో రాయికి ఈ కథ పాతదే. అమరావతి స్తూపం పలనాటి సున్నపురాయి. 1797లో బ్రిటిష్ సర్వే అధికారి మెకంజీ వెళ్లేసరికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు కొత్త ఊరి కోసం ఆ రాళ్లు తవ్వుతున్నారు. తర్వాత కొన్ని సున్నం కాల్చారు. 1845లో బ్రిటిష్ అధికారి ఎలియట్ తవ్వించినవి మద్రాసుకి, అక్కడి నుంచి లండన్‌కి వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఊళ్లో ఉన్నవి సున్నమైపోయాయి, ఊరు దాటినవి మిగిలాయి, కానీ చూడాలంటే వీసా కావాలి. రెండు వైపులా నష్టం ఉంది. ఒరిజినల్ ఊళ్లో, మంచి కాపీ ఆర్కైవ్స్‌లో అని నా ఓటు.

బేతంచెర్ల_బాషా
ఒకటి అడుగుతా @పలకాబలపం, తప్పుగా అనుకోవద్దు. మీ సంఘంలో క్వారీలో దిగి పనిచేసినవాళ్లు ఎంతమంది? వడ్డెర వాళ్లు, ఎస్సీ కాలనీ వాళ్లు, చట్రాలు బిగించిన ఆడవాళ్లు?

పలకాబలపం
మా తాత లేడు కాబట్టి మా ఇంటి నుంచి నేను. పనిచేసినవాళ్లు ఒకాయన ఉన్నాడు, మీటింగుకి వస్తాడు గానీ వెనక కూర్చుంటాడు. ఆడవాళ్లు ఎవరూ లేరు. మిగతా అంతా చదువుకున్నవాళ్లం, యజమానుల పిల్లలు.

బేతంచెర్ల_బాషా
అందుకే 'సగం' కాలమ్ మీద తగాదా తెగట్లేదు. ఆ కాలమ్‌లో పేరున్నవాళ్లని కూర్చోబెట్టి అడగండి, పెట్టమంటారా వద్దంటారా అని. మీరు పరువు అంటున్నది ఎవరి పరువు?

తాండూరోడు
బాషా భాయ్ కరెక్ట్. మా ఊర్ల బండ కొట్టిన ముసలాయన ఒకాయన ఉండె, ఫోటో తీస్తమంటే మంచి అంగీ తొడుక్కొని వచ్చిండు. సమ్మెట పట్టుకోమంటే పట్టుకోలే. నాకు ఆ పని అంటేనే కోపం, కుర్చీల కూసొని దిగుత అన్నడు. అట్లనే తీసినం.

వేల్స్_వాన
తాండూరు అన్నా, ఆ ఫోటో మ్యూజియంలో ఉండాల్సిందే.

యజమానుల పరువు విషయంలో ఒకటి. ఇక్కడ పెన్‌రిన్ అనే పెద్ద క్వారీ ఉంది. దాని యజమానుల కోట ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఆ కుటుంబానికి జమైకాలో బానిసలతో చేయించిన చెరకు తోటలున్నాయని, ఆ డబ్బు ఈ క్వారీలోకీ వచ్చిందని కోటకి వచ్చినవాళ్లకి చెప్తారు. 1900 నుంచి 1903 దాకా ఆ క్వారీలో సమ్మె జరిగింది. 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని కిటికీలకి కార్డులు పెట్టుకున్నారు సమ్మెలో ఉన్నవాళ్లు. పనికి తిరిగి వెళ్లినవాళ్ల కుటుంబాలతో తరాల తరబడి పలకరింపుల్లేవు. అంత పగ ఉన్న ఊళ్లే ఇవాళ ఆ కార్డుని భద్రంగా దాచుకున్నాయి. పెట్టినంత మాత్రాన ఊరు మునగలేదు.

లీజుదారు
అక్కడ వందేళ్లయింది. మా దగ్గర అదే వీధిలో ఎదురెదురు ఇళ్లు. మీకు తెలీదు.

వేల్స్_వాన
ఒప్పుకుంటా. ఎదురెదురు ఇళ్లు అన్నది పెద్ద తేడానే.

పాతకాగితం
మధ్యేమార్గం కాదు, వాడుకలో ఉన్న పద్ధతి చెప్తా. బతికున్నవాళ్ల పేరు ఉన్న పేజీ వాళ్ల అనుమతి లేకుండా గోడకి పెట్టరు. పేరు మూసి వేలిముద్ర, కూలి, తేదీ కనపడేలా కాపీ పెట్టొచ్చు. పేరు పెట్టమని వాళ్లే అంటే పెట్టండి, సంతకం తీసుకోండి. గుమస్తా పేరూ అంతే. ఒరిజినల్ పుస్తకం బీరువాలో ఉంటుంది, వాళ్ల కుటుంబం ఎప్పుడు అడిగినా తెరిచి చూపించాలి. అది రాసిపెట్టుకోండి, నోటి మాట వద్దు.

ఇంకోటి. పిల్లల పని అన్నది మీ ఊరు దాచుకున్నంత మాత్రాన దాగేది కాదు. 1987 జాతీయ బాలకార్మిక విధానంలోనే మార్కాపురం పలకల పరిశ్రమ పేరు ఉంది, మంద్‌సౌర్ పలకలు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుతో పాటు. ఆ తర్వాతే పని మాన్పించిన పిల్లలకి ప్రత్యేక బడులొచ్చాయి. ఢిల్లీ కాగితాల్లో ఉన్నదాన్ని మీ బడి గదిలో దాస్తే నవ్వుతారు.

ఓబులక్క
ఆ ప్రత్యేక బడి గురించి కూడా పెట్టండి. మా చెల్లెలు అక్కడే చదివింది. మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు. ఇప్పుడు టీచరు.

కందిపచ్చడి
ఇది చదివాక జోకు రావట్లేదు. ఓబులక్కా, మీ చెల్లెలుగారికి నమస్కారం చెప్పండి.

నల్లమల_నాని
డబ్బు సంగతి ఎవరూ అనట్లేదు. జిల్లా ఖనిజ నిధి ఉంది కదా, గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది, గనుల లీజుదారులు కడతారు. దాంట్లోంచి మ్యూజియంకి అడగొచ్చా?

రాతిపొర
అడగొచ్చు, రావడం కష్టం. ఆ నిధిలో ఎక్కువ భాగం తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికే పెట్టాలి. అడిగితే ముందు గుంటల చుట్టూ కంచె, ఊపిరితిత్తుల పరీక్షలు అడగండి. మ్యూజియం అని వెళ్తే నవ్వి పంపిస్తారు.

తాండూరోడు
కంచె మాట నిజం. మా దిక్కు ఎండకాలం వస్తే పిల్లలు ఈతకు ఆ గుంటల్లకే పోతరు. లోతు తెలవదు, కింద రాయి మెట్లు మెట్లుగ ఉంటది. ఏటా ఎక్కడో ఒక ఇంట్ల ఏడుపే.

పలకాబలపం
మా గుంటల్లో మోటార్లు పెట్టి పొలాలకి నీళ్లు తోడుకుంటున్నారు. కంచె వేస్తామంటే వాళ్లు ఒప్పుకోరు. ఇంకో తగాదా. దారి వదిలి మూడు వైపులా వేస్తే ఏమంటారో అడగాలి.

బేతంచెర్ల_బాషా
గేటు పెట్టి తాళం మోటారు వాళ్లకే ఇవ్వండి. మా దగ్గర ఒక ఊళ్లో అలాగే చేశారు.

ఓబులక్క
రాజస్థాన్‌లో 2019లో ఈ దుమ్ము జబ్బుకి ప్రత్యేక విధానం పెట్టారు. జబ్బు ఖాయమని సర్టిఫికెట్ ఇస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. అక్కడ సంఘాలు పోరాడితే వచ్చింది. పనిచేసినట్టు రుజువు ఏదని అడిగితే మన దగ్గర ఎవరి దగ్గరా కాగితం లేదు. @పలకాబలపం, మీ ట్రంకు పెట్టెలో ఉన్నది అదే. మ్యూజియం వస్తువు అనుకుంటున్నారు మీరందరూ.

నల్లమల_నాని
అక్క చెప్పాక ఇంక ఆ పుస్తకాలు దాచాలా వద్దా అన్న ప్రశ్నే లేదు.

లీజుదారు
పరిహారం కేసులకి అవే పుస్తకాలు వాడతారన్నమాట. అందుకే భయపడుతున్నారు జనం, అర్థమైందా?

ఓబులక్క
అర్థమైంది. మూతపడిన ఫ్యాక్టరీ నుంచి ఎవరూ ఏమీ అడగట్లేదు గారూ. రాజస్థాన్‌లో ఇచ్చేది ప్రభుత్వం. మీరే వచ్చి ఈయన మా దగ్గర పనిచేశాడు అని రాసిస్తే ఆ ముసలివాళ్లకి ఎంత బలమో ఆలోచించండి.

లీజుదారు
ఆలోచిస్తా. మా ఇంట్లో కూడా కొన్ని పుస్తకాలున్నాయి. ఇప్పుడే ఇంతకుమించి అనను.

పాతకాగితం
నేల మీద ఉంటే ఎత్తి పెట్టండి. అంతే అడుగుతున్నా.

పలకాబలపం
ఆదివారం మీటింగ్ అయింది, అందుకే ఇన్ని రోజులు రాయలేదు. ఈసారి కాలనీలోనే వేపచెట్టు కింద పెట్టాం, పంచాయతీ ఆఫీసులో కాదు. పనిచేసినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు బాగానే వచ్చారు, ఆడవాళ్లే ఎక్కువ. పుస్తకంలోంచి పేర్లు చదవమన్నారు. చదివా. ఒక్కో పేరుకి వీడు మా బావ, ఆమె ఫలానా వాళ్ల కోడలు అంటూ మొదలుపెట్టారు, సగం మీటింగ్ చుట్టరికాలతోనే సరిపోయింది. 'సగం' కాలమ్‌లో ఉన్న ఒకామె లేచి, నా పేరు పెట్టండి, పక్కన నా కూలి ఎంతో కూడా పెట్టండి, సగం అని కాదు, రూపాయల్లో పెట్టండి అంది. ఇద్దరు మాత్రం వద్దన్నారు, పిల్లల పెళ్లిళ్లున్నాయి అని. వాళ్ల పేర్లు మూసేస్తాం.

కోశాధికారి రాజీనామా ఇచ్చాడు. బలవంతపెట్టి వెనక్కి తీసుకోమన్నాం. వాళ్ల నాన్న చేతిరాత చదవగలిగేది ఆయన ఒక్కడే. రాసుకున్న గుర్తులన్నీ ఆయనకే తెలుసు. ఇంకా సరే అనలేదు.

సంఘాన్ని రిజిస్టర్ చేయించాలనుకుంటున్నాం. ఏడుగురు చాలంటున్నారు, నిజమేనా?

నల్లమల_నాని
నిజమే. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు. ఆశయాలు, నిబంధనలు రాసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వాలి. ఆశయాల్లో 'పలకల కార్మికుల పని రికార్డులు భద్రపరచడం, వారి కుటుంబాలకు అందుబాటులో ఉంచడం' అని మొదటి లైనే రాయండి. తర్వాత కమిటీ మారినా ఆ లైను మార్చడం అంత తేలిక కాదు.

బేతంచెర్ల_బాషా
ఏడుగురిలో నలుగురు పనిచేసినవాళ్లు ఉండాలి. ముగ్గురు ఆడవాళ్లు.

తాండూరోడు
చార ఉన్న పలక ఒకటి మాకు పంపియ్యరా? మా దగ్గర నీలం నాపరాయి మీద సన్నగ చెట్ల కొమ్మల లెక్క నల్ల గీతలుంటయి, అది పంపిస్త.

రాతిపొర
అవి చెట్లు కావు, మాంగనీసు...

తాండూరోడు
సార్, ఎరుకే. పలకల పక్కన పెట్టి పేరు మీరే రాయుండ్రి.

పాతకాగితం
@పలకాబలపం ఫోటోలు తీసేటప్పుడు ఫైలు పేర్లు పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్యతో పెట్టండి. కోశాధికారి వస్తే గుర్తుల అర్థాలు చెప్పించి వీడియో తీయండి, ముందు అది. వచ్చే నెల ఒంగోలు వస్తున్నా. పుస్తకాలు ఎన్ని, ఒక్కోదానికి పేజీలు ఎన్ని, ఏవి చెదలు పట్టాయో జాబితా పంపితే నా స్కానర్ తెస్తా.

ఓబులక్క
నేనూ వస్తా. 1983, 84 పుస్తకాలు ఉంటే పైన పెట్టండి.